తెల్లదోమకు పేరు పెట్టిన వారి కథ

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు ఒప్పుకున్నాను గాని, ఏమి వ్రాయాలో వెంటనే తోచలేదు. నరసాపురం వాడిని కనుక పూర్వం మా రేవులో కట్టిన ఓడల గురించో, మా ఆడవాళ్ళు అల్లే లేసు గురించో వ్రాస్తానని వారు అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటె బాగా వ్రాయగలవారు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మరో చరిత్ర ఎంచుకున్నాను. ఇది ఒక పురుగు చరిత్ర. మన గోదావరి జిల్లాల కొబ్బరి ఆకును నల్లగా మసిబార్చిన తెల్లదోమ చరిత్ర. ఇంకా సరిగా చెప్పాలంటే, ఆ తెల్లదోమ ఫలానాది అని గుర్తుపట్టి, పేరు పెట్టి, రికార్డు చేసినవారి చరిత్ర.

"రెవిన్యూ గుమాస్తాకు పురుగులతో పనేమిటి?" అని మిత్రులు అడగవచ్చు. నిజమే. 1973లో ఎల్.డి.సి.గా చేరిన నాటి నుండి 2009లో రిటైరయ్యే వరకు అడంగళ్ళు, పట్టాలు, మ్యుటేషన్ ఫైళ్ళు తప్ప నేను ఇంకొకటి చూసి ఎరుగను. నాకు ఈ విషయంతో సంబంధం ఒక పొరపాటు వల్ల కలిగింది. ఆ పొరపాటు నాదే. ముందు అది చెప్పుకుంటాను.

నేను చేసిన పొరపాటు

మా పెరట్లో ఆరు కొబ్బరి చెట్లున్నాయి. 2018 వేసవిలో వాటి ఆకుల అడుగున తెల్లని మైనపు పొడి చుట్లు చుట్లుగా, ఎవరో ముగ్గు పెట్టినట్లుగా కనిపించింది. పై ఆకుల నుండి జిగురు కారి క్రింది ఆకుల మీద, అరటి మీద, ఆఖరికి మేము ఆరవేసుకున్న పంచెల మీద కూడా పడేది. కొన్నాళ్ళకు ఆ జిగురు మీద నల్లటి మసి పట్టింది. దింపు తీసే మనిషి చెట్టెక్కి దిగితే, బొగ్గు బస్తా మోసినవాడిలా ఉండేవాడు.

మా బావమరిదికి గోదావరి అవతల సఖినేటిపల్లి దాటాక రెండెకరాల కొబ్బరి తోట ఉంది. 1996 నవంబరు తుఫానులో పాత చెట్లు చాలా వరకు పడిపోతే, ఆ మరుసటి ఏడు అప్పు చేసి నాటిన మొక్కలవి. సరిగ్గా చేతికి అందివచ్చిన తోట. అతను ఒకరోజు పంటు ఎక్కి ఇవతలికి వచ్చి, మా చెట్లు చూసి, "బావగారూ, మీకూ వచ్చిందా? నా తోటంతా ఇదే. ఏమిటంటారు ఇది?" అని అడిగాడు.

నాకు తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కాని పెద్దవాడిని కదా! "ఇదేమీ కొత్తది కాదోయ్. 1990ల చివర మన వీధిలో జామచెట్లకు పట్టిన తెల్లదోమే. గట్టి మందు కొట్టించు, పోతుంది" అన్నాను. అతను నా మాట మీద గౌరవంతో కూలీలను పెట్టి, పెద్ద స్ప్రేయరు తెప్పించి, దుకాణంలో ఇచ్చిన మందు మూడుసార్లు కొట్టించాడు. కొట్టిన వారం రోజులు బాగానే ఉండేది. నెల తిరిగేసరికి మునుపటి కంటె ఎక్కువ వచ్చేది. మూడవసారి తరువాత మేమిద్దరం కొన్ని ఆకులు కోసి, పాత న్యూస్‌పేపరులో చుట్టుకొని, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానానికి వెళ్ళాము.

అక్కడ ఒక యువ శాస్త్రజ్ఞుడు మేము తెచ్చిన ఆకు తిప్పి మైక్రోస్కోపు క్రింద పెట్టి, నన్నే చూడమన్నాడు. తెల్లదోమ పెరిగి బయటికి వచ్చిన గుల్ల మీద ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో చీలిక ఉంటుంది. కొన్ని గుల్లల మీద మాత్రం చీలిక లేదు, సూదితో పొడిచినట్లు గుండ్రని రంధ్రం ఉంది. "ఇవి ఏమిటండీ?" అని అడిగాను. "వాటిలోనుండి దోమ రాలేదండి. దోమ పిల్లను లోపలే తినేసి ఒక చిన్న కందిరీగ బయటికి వచ్చింది. అది మన మిత్రుడు. మీరు మందు కొట్టక ముందు ఆకు తెచ్చి ఉంటే ఇలాంటి రంధ్రాలు ఇంకా ఎక్కువ కనిపించేవి" అన్నాడు. తరువాత మెల్లగా, "ఇది మీరు అనుకున్న పాత దోమ కూడా కాదండి. దానికి దగ్గర చుట్టం. దీని పేరు వేరు" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా బావమరిది నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. ఆ రోజు నుండి 'దీని పేరు వేరు' అన్న మాట నన్ను వదలలేదు. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు అని ఆరా తీయడం మొదలుపెట్టాను. నాకు తెలిసినంత వరకు ఆ వివరాలు మనవి చేస్తాను.

దోమా కాదు, ఈగా కాదు

మనం దీన్ని తెల్లదోమ అంటాము. ఇంగ్లీషు వారు తెల్ల ఈగ అంటారు. నిజానికిది దోమా కాదు, ఈగా కాదు. వరిలో సుడిదోమ, మిరపలో పేనుబంక ఏ జాతి వర్గానికి చెందినవో, ఇదీ ఆ వర్గానిదే. నోటిలో ఉన్న సూదిని ఆకులోకి దించి రసం పీలుస్తుంది. పీల్చిన రసంలో తనకు అక్కరలేని తీపిని జిగురుగా విసర్జిస్తుంది. ఆ తీపి మీద బూజు పెరగడమే మనం చూసే మసి.

జీవులకు రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ కూడా ఇక్కడ పొరబడ్డాడు. 1758లో వెలువడిన తన గ్రంథంలో క్యాబేజీ తెల్లదోమను ఆయన చిన్న రెక్కల పురుగుల్లో, అంటే దీపం చుట్టూ తిరిగే చిమ్మటల్లో చేర్చాడు. తరువాత 1796లో ఫ్రాన్సు దేశపు లాట్రేయ్ దీన్ని విడదీసి 'అలెయ్‌రోడిస్' అనే కొత్త ఖాతా తెరిచాడు. గ్రీకు భాషలో పిండి వంటిది అని దాని అర్థం. లిన్నేయస్ అంతటివాడే పొరబడినప్పుడు నేనెంత అని కొంచెం ఊరట కలిగింది. కాని ఆయన పొరపాటు వల్ల ఎవరి తోటా పాడు కాలేదు!

ఇప్పటికి ప్రపంచంలో 1500కు పైగా తెల్లదోమ జాతులను వర్ణించారు. మన దేశంలోనే 400కు పైగా ఉన్నాయి. వీటిని వేరు చేయడంలో ఒక చిక్కు ఉంది. రెక్కలు వచ్చిన దోమలన్నీ చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందువల్ల జాతి తేల్చడానికి ఎగిరే దోమను కాక, ఆకుకు అంటుకొని కదలకుండా ఉండే ఆఖరి పిల్ల దశను, అంటే ప్యూపాను ఆధారంగా తీసుకుంటారు. చిత్రమేమిటంటే మనమంతా పొడిలా లేచే దోమను చూసి భయపడతాము, శాస్త్రజ్ఞుడు మాత్రం ఆకు మీద మిగిలిపోయిన గుల్ల కోసం వెదుకుతాడు.

కొత్త జాతిని ఎలా తేలుస్తారు?

ఈ పని వివరంగా తెలుసుకున్నప్పుడు ఇది మన ఆఫీసు పని వంటిదే అనిపించింది. ముందుగా ఆకు ఎక్కడ, ఏ తేదీన, ఏ చెట్టు మీద, ఎవరు కోశారో చీటీ వ్రాస్తారు. చీటీ లేని నమూనాకు విలువ లేదు. తరువాత ప్యూపాను సూదితో లేపి, క్షారంలో వేడిచేసి, లోపలి కండ అంతా కరిగిపోయి పైపొర మాత్రం మిగిలేలా చేస్తారు. దాన్ని కడిగి, ఆల్కహాలులో నీటిని తీసివేసి, లవంగ నూనెలో ఉంచి పారదర్శకంగా చేసి, గాజు పలక మీద కెనడా బాల్సమ్ అనే చెట్టు బంకలో అతికిస్తారు. ఆ బంక గట్టిపడితే తరతరాలు చెక్కుచెదరదు.

మైక్రోస్కోపు క్రింద అప్పుడు అసలు తనిఖీ మొదలవుతుంది. అంచున పళ్ళు ఉన్నాయా, వీపు మీద మైనం స్రవించే రంధ్రాలు ఎన్ని, ఎక్కడ, ఏ పరిమాణంలో ఉన్నాయి, తోక వైపు జిగురు విసర్జించే గుంట ఎలా ఉంది, ఆ గుంట మీద మూత నున్నగా ఉందా, లోపలి నాలుక బయటికి వచ్చిందా అని ఒక్కొక్కటే కొలిచి వ్రాస్తారు. బొమ్మ గీసేటప్పుడు ఒకే బొమ్మలో ఒక సగం వీపు వైపు, మరో సగం పొట్ట వైపు చూపిస్తారు. అప్పటి వరకు ప్రపంచంలో వర్ణించిన దగ్గరి జాతులన్నిటితో పోల్చి, దేనితోనూ కలవదని తేలితేనే కొత్త పేరు.

పేరు పెట్టినప్పుడు ఆ నమూనాలలో ఒక్కదాన్ని మూల నమూనాగా ప్రకటించి మ్యూజియంలో భద్రపరుస్తారు. మనకు రిజిస్టరు దస్తావేజు ఎటువంటిదో వారికి అది అటువంటిది. వందేళ్ళ తరువాత తగాదా వచ్చినా ఆ గాజు పలక తీసి చూస్తారు.

ఒక రిజిస్ట్రారుగారి పురుగు

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన మనిషి విలియం మైల్స్ మాస్కెల్. ఆయన వృత్తి ఏమిటో తెలుసా? న్యూజిలాండు విశ్వవిద్యాలయానికి రిజిస్ట్రారు. పరీక్షలు, ఫైళ్ళు, ఉత్తర ప్రత్యుత్తరాలు చూసుకుంటూ, తీరిక వేళల్లో పొలుసు పురుగులను, తెల్లదోమలను పరీక్షించేవాడు. దేశదేశాల నుండి ఆయనకు నమూనాలు చేరేవి. బరోడాలో చెరకు మీద దొరికిన తెల్లదోమను 1896లో వర్ణించి, 'బరోడెన్సిస్' అని ఆ ఊరి పేరే పెట్టాడు. ఈనాటికీ చెరకు తెల్లదోమకు ఆ పేరే. నీరు నిలిచిన తోటల్లో అది ఎంత నష్టం చేస్తుందో మన డెల్టా చెరకు రైతులకు చెప్పనక్కరలేదు. ఆయన రెండేళ్ళకే, 1898లో మరణించాడు. వేల మైళ్ళ అవతల బల్ల ముందు కూర్చున్న ఒక ఉద్యోగి వ్రాసిన వర్ణన మన చెరకు చేలో ఇంకా పనికివస్తోంది.

మన దేశంలో కూడా ఈ పని ఆగలేదు. 1931లో కరమ్ సింగ్ భారతదేశపు తెల్లదోమల మీద ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. తరువాతి కాలంలో బి. వసంతరాజ్ డేవిడ్, ఆర్. సుందరరాజ్ వంటి శాస్త్రజ్ఞులు అనేక కొత్త జాతులను వర్ణించారు.

ఒకే పురుగుకు రెండు పట్టాలు

ఒకే భూమికి ఇద్దరి పేర పట్టాలు వచ్చిన ఫైళ్ళు మనం చాలా చూశాము. పురుగులకూ ఆ బాధ తప్పలేదు. గ్రీసు దేశంలో పొగాకు మీద దొరికిన తెల్లదోమను 1889లో జెన్నాడియస్ వర్ణించి 'టబాకి' అన్నాడు. 1929లో మన దేశంలో మిశ్రా, లాంబా అనే శాస్త్రజ్ఞులు ప్రత్తి మీది తెల్లదోమను కొత్తదిగా భావించి వేరే పేరు పెట్టారు. రెండూ ఒకటే అని తరువాత తేలింది. ఇటువంటి తగాదాల్లో ముందు రిజిస్టరైన పేరే చెల్లుతుంది. కనుక 1889 నాటి పేరే నిలిచింది. అయితే జెన్నాడియస్ దాన్ని పాత ఖాతాలో పెట్టాడు గనుక, తరువాత 'బెమీసియా' అనే ఖాతాకు మార్చినందుకు గుర్తుగా ఆయన పేరు బ్రాకెట్లలో వ్రాస్తారు. మ్యుటేషన్ జరిగినట్లు ఎంట్రీ అన్నమాట!

1984-85లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిని దెబ్బతీసింది ఈ దోమే. కాయతొలుచు పురుగు కోసం విచక్షణ లేకుండా కొత్త మందులు కొట్టడం వల్ల దోమను తినే పురుగులు చచ్చి, దోమ విజృంభించిందని శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ రోజుల్లో పత్రికల్లో నేనూ చదివాను. చదివి మరచిపోయాను. అందుకే ముప్పై మూడేళ్ళ తరువాత మా బావమరిదికి అదే సలహా ఇచ్చాను.

బెలీజ్ నుండి కడియం దాకా

ఇక మన కొబ్బరి సంగతి. మా జామచెట్ల మీద నేను చూసిన పాత దోమను 1965లో అమెరికా వ్యవసాయ శాఖలోని లూయీస్ రస్సెల్ అనే ఆవిడ వర్ణించారు. పేరు 'అల్యూరోడికస్ డిస్పర్సస్'. అది 1993లో కేరళలో కనిపించి, క్రమంగా దక్షిణాది అంతా వ్యాపించింది. దాని వెనుకే, ఎవరూ పనిగట్టుకొని తేకుండానే, 'ఎన్‌కార్సియా గ్వాడెలూపే' అనే అతి చిన్న కందిరీగ మన దేశంలో స్థిరపడింది. దానిని 1987లో ఇటలీ శాస్త్రజ్ఞుడు విజ్జియాని వర్ణించాడు. పేరులో ఉన్నది కరేబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవి. ఆ కందిరీగ వల్లే పాత దోమ అదుపులోకి వచ్చింది. మందు వల్ల పోయిందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. అంటే కొత్త దోమ ఫైలే కాదు, పాత దోమ ఫైలు కూడా నేను విప్పి చూడలేదన్నమాట.

కొత్త దోమకు పేరు పెట్టినవారు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పనిచేసిన జాన్ మార్టిన్. మధ్య అమెరికాలో బెలీజ్ అనే చిన్న దేశం ఉంది. అక్కడి తెల్లదోమలను ఏరి, పరీక్షించి 2004లో ఆయన ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. అందులో కొబ్బరి ఆకు మీద దొరికిన ఒక దోమ పాత డిస్పర్సస్‌కు దగ్గరగా ఉన్నా, వెనుక గుంట మీది మూత నున్నగా కాక ముడతలు పడి ఉన్నట్లు గమనించారు. ముడతల మూత గలది అనే అర్థంతో 'అల్యూరోడికస్ రుగియోపెర్క్యులేటస్' అని పేరు పెట్టారు. అప్పటికి ఆ దోమ ఎవరికీ చెప్పుకోదగిన నష్టం చేసినది కాదు. ఎవరూ అడగలేదు. అయినా ఆయన వ్రాసి పెట్టారు.

అయిదేళ్ళు తిరిగేసరికి, 2009లో, అది అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో బయటపడి తాటి జాతి చెట్లను, తోటలను పట్టి పీడించింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో, కేరళలోని పాలక్కాడులో కొబ్బరి మీద కనిపించింది. దిగుమతి మొక్కల వెంట వచ్చి ఉంటుందని అంచనా. మన శాస్త్రజ్ఞులు ప్యూపాను గాజు పలక మీదికి ఎక్కించి, మార్టిన్ వర్ణనతో పోల్చి, జన్యు పరీక్ష కూడా చేసి ఇది అదే అని తేల్చారు. 2016 చివరికి మన కడియం నర్సరీలలోనూ కనిపించింది. కడియం నుండి మొక్క వెళ్ళని ఊరు లేదు గనుక, దోమ వెళ్ళని ఊరూ లేకపోయింది.

పేరు తేలడం వల్ల ఒరిగిందేమిటి? దాని శత్రువు ఎవరో తెలిసింది. పాత దోమ వెంట వచ్చిన ఆ గ్వాడెలూప్ కందిరీగే కొత్త దోమ పిల్లల్లోనూ గ్రుడ్లు పెడుతున్నట్లు గుర్తించారు. కాబట్టి విషపు మందులు కొట్టవద్దని, కందిరీగను బ్రతకనివ్వమని చెప్పగలిగారు. బెంగుళూరులోని జాతీయ సంస్థవారు దోమకు రోగం తెప్పించే 'ఇసారియా' అనే శిలీంద్రాన్ని పరీక్షించి అందించారు. అంబాజీపేటలో డాక్టర్ ఎన్.బి.వి. చలపతిరావుగారు, వారి సహచరులు ఆ శిలీంద్రాన్ని, దోమ పిల్లలను తినే ఆకుపచ్చ రెక్కల పురుగును పెంచి రైతులకు అందేలా కృషి చేశారు.

కథ ఇక్కడితో ఆగలేదు. 2018లో కేరళలో గూడు కట్టే తెల్లదోమలు రెండు రకాలు కొబ్బరి మీద కనిపించాయి. వాటిలో ఒకదాని పేరు 'బొండారి'. బ్రెజిల్‌లో తెల్లదోమల మీద పనిచేసిన గ్రెగోరియో బొండార్ పేర 1971లో పెట్టినది. మన కొబ్బరి బొండానికి దానికి సంబంధం లేదు! ఇవి తరువాత మన వైపూ వచ్చాయి. ఇప్పుడు ఒకే ఆకు మీద రెండు మూడు జాతులు కలిసి కాపురం చేస్తున్నాయి. కనుక గుర్తుపట్టేవారి అవసరం పెరిగిందే గాని తగ్గలేదు.

చివరి మాట

పెన్షనర్లమైన మనకు పేరు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. నేను రిటైరైనప్పుడు సర్వీసు రిజిస్టరులో ఒక విధంగా, పెన్షను కాగితాల్లో మరో విధంగా నా ఇంటిపేరు పడితే, అది సరిచేయించేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు ఇల్లు ఎలా గడిచిందో మా ఆవిడకే తెలుసు. ఒక్క అక్షరం తేడా వల్ల ఇల్లు అలా ఇబ్బంది పడితే, పేరు తెలియకుండా నేనిచ్చిన సలహా వల్ల రెండెకరాల తోట ఇబ్బంది పడింది.

పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లున్న మిత్రులకు నా మనవి. ఆకు తెల్లబడగానే దుకాణానికి పరుగెత్తవద్దు. నీటి పైపుతో ఆకుల అడుగున గట్టిగా కొట్టండి. పసుపు రంగు జిగురు అట్టలు కట్టండి. మసి పట్టిన ఆకుల మీద పల్చని గంజి చల్లితే అది ఎండి పొరలుగా ఊడి మసిని తీసుకుపోతుంది. వేపనూనె గాని, ఇసారియా గాని అంబాజీపేట వారు చెప్పిన మోతాదులో వాడండి. అన్నిటికంటె ముందు, ఎగిరే దోమను పట్టుకుపోవడం కాక, ఆకు కోసి కవరులో పెట్టి, తేదీ, ఊరు, చెట్టు పేరు చీటీ వ్రాసి, తెలిసినవారికి చూపించండి.

మా చెట్లకు దోమ పూర్తిగా పోలేదు. ఎండాకాలం వస్తుంది, వానలకు తగ్గుతుంది. తోట కూడా మెల్లగా తేరుకుంది. మా బావమరిది ఇప్పటికీ నెలకొకసారి పంటు దాటి ఆకు తెస్తాడు. నా చేతిలో మనవడు కొనిచ్చిన భూతద్దం ఉంటుంది. అరుగు మీద కూర్చొని ఇద్దరం గుండ్రని రంధ్రాలు లెక్కపెడతాము. మొన్న తెచ్చిన ఆకు మీద చీలికల కంటె రంధ్రాలే ఎక్కువ ఉన్నాయి. "ఏమిటంటారు బావగారూ?" అని అడిగాడు. "నాకు తెలియదోయ్. అంబాజీపేట తీసుకువెళ్ళి అడుగుదాం" అన్నాను.

ఇక సెలవు.